గ్రానైట్ కొలంబేరియం కొనబోతున్నారా? గూడు తెరిచే రోజు నుంచి వెనక్కి ఆలోచించండి

మీ ప్రశ్న చదివాను. శ్మశానవాటికలో కొత్త సమాధులకు చోటు అయిపోవస్తోంది. దహనం తర్వాత భస్మం ఉంచుకోవడానికి చోటు అడిగే కుటుంబాలు పెరుగుతున్నాయి. అందుకని మీ కమిటీ 96 గూళ్ళ గ్రానైట్ కొలంబేరియం, అంటే భస్మపు కలశాలు ఉంచే గూళ్ళ గోడ, కట్టాలనుకుంటోంది. మూడు కొటేషన్లు వచ్చాయి, మొత్తాల్లో చాలా తేడా ఉంది, ముగ్గురూ మాత్రం "ఫస్ట్ క్వాలిటీ గ్రానైట్" అనే రాశారు. ఏ రాయి మంచిది, ఏ కొటేషన్ తీసుకోవాలి అని అడిగారు.

ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట్లో రాయి కోసేవాణ్ణి, తర్వాత సైట్లలో బిగింపు పని చూశాను, ఇప్పుడు ఎక్కువగా కమిటీల తరఫున డ్రాయింగులు పరిశీలించి పెడుతున్నాను. నేను చూసిన పాడైపోయిన కొలంబేరియాల్లో రాయి వల్ల పాడైనవి చాలా తక్కువ. నీళ్ళ వల్ల, లోపలి ఇనుము వల్ల, కుంగిన నేల వల్ల పాడైనవే ఎక్కువ. అందుకే రాయి గురించి కొంచెం ఆగి చెప్తాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. పనిలో చేరిన కొత్తల్లో మేము ఒక గోడ బిగించాం. చూడటానికి చాలా బాగుండేది. ఏడేళ్ళ తర్వాత ఒక పెద్దాయన పోయారు. ఆయన భార్య భస్మం అప్పటికే ఆ గోడలో ఒక గూట్లో ఉంది. ఇద్దరినీ ఒకేచోట ఉంచాలన్నది వాళ్ళ కోరిక. గూడు తెరవడానికి నన్ను పిలిచారు. మూలల్లో స్క్రూలను కప్పే బిళ్ళలు తీసి స్క్రూలు తిప్పితే మొదటిది వచ్చింది. రెండోది తుప్పు పట్టి లోపలే విరిగింది. మూడోది కదల్లేదు. గంటన్నర కష్టపడితే రాతి పలక మూల చిట్లి గానీ అది ఊడిరాలేదు. అంతసేపూ కుటుంబమంతా నా వెనకాలే నిలబడి ఉంది. వాళ్ళ అమ్మాయి తండ్రి భస్మం ఉన్న కలశాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది, కాసేపు కింద పెట్టమ్మా అంటే పెట్టలేదు. ఆ స్క్రూలు మామూలు ఉక్కువి, పైన మెరుగు పూత వేసినవి. కొన్నవాళ్ళు అడగలేదు, అమ్మినవాళ్ళు చెప్పలేదు.

అప్పటి నుంచి ఏ డ్రాయింగు చేతికొచ్చినా ముందు ఆ రోజే గుర్తొస్తుంది. ఒక్కో గూడును దాని జీవితకాలంలో కనీసం మూడు సార్లు తెరుస్తారు. మొదటి కలశం పెట్టేటప్పుడు ఒకసారి, పేరు చెక్కించడానికి పలక తీసేటప్పుడు ఒకసారి, రెండో కలశం పెట్టేటప్పుడు ఒకసారి. 96 గూళ్ళంటే దాదాపు మూడు వందల సార్లు. అందులో చాలా సార్లు ఎదురుగా ఒక కుటుంబం నిలబడి ఉంటుంది. చివరి పాతిక ముప్ఫై సార్లు తెరిచే మనిషి ఇవాళ్టికి ఇంకా పుట్టి కూడా ఉండకపోవచ్చు. కింద చెప్పేదంతా ఆ మనిషిని మనసులో పెట్టుకుని చదవండి.

కొలంబేరియం అన్న మాటకు లాటిన్‌లో పావురాల గూడు అని అర్థం. పురాతన రోమ్‌లో భూమిలోపల గదులు కట్టి, గోడల నిండా చిన్న చిన్న గూళ్ళు తీసి వాటిలో భస్మపాత్రలు ఉంచేవారు. 1831లో రోమ్‌లో బయటపడిన పొంపోనియస్ హైలాస్ కొలంబేరియంలో ఆ గూళ్ళను ఇప్పటికీ చూడొచ్చు. ఈ కాలంలో గిరాకీ పెరగడానికి ఒక కారణం కేథలిక్ చర్చి 1963లో దహనానికి అనుమతి ఇవ్వడం. 2016లో వాటికన్ ఇచ్చిన సూచనల ప్రకారం భస్మాన్ని చల్లకూడదు, మామూలుగా ఇంట్లో పెట్టుకోకూడదు, శ్మశానవాటిక లాంటి పవిత్ర స్థలంలోనే ఉంచాలి. మీ దగ్గరికి ఆ విశ్వాసం ఉన్న కుటుంబాలు వస్తుంటే, ఇది వాళ్ళకు ఏదో ఒక సౌకర్యం కాదని, తప్పనిసరి అవసరమని కమిటీ గుర్తుంచుకోవాలి.

ఇక లెక్కలకు వద్దాం. 96 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మీరు రాయలేదు. నాకు అనుమానం, అది అమ్మేవాళ్ళ కేటలాగులోంచి వచ్చింది. ఎనిమిది నిలువు వరుసలు, ఆరు అడ్డ వరుసలు, రెండు ముఖాలు కలిపితే 96 అవుతుంది, అది తయారీకి అనువైన సైజు. మీ అవసరం మీ రిజిస్టర్లో ఉంటుంది. గత మూడేళ్ళలో భస్మం ఉంచడానికి చోటు అడిగినవాళ్ళు ఎంతమందో లెక్క తీయండి. మొత్తం మరణాల సంఖ్యతో పని లేదు. ముందుగానే గూడు తీసుకుని పెట్టుకుంటాం అనేవాళ్ళు ఎందరున్నారో విడిగా అడగండి. ఏడాదికి ఆరు గూళ్ళు వెళ్తాయని తేలితే 48 గూళ్ళు ఎనిమిదేళ్ళకు సరిపోతాయి. ఒకేసారి 96 కట్టి, సగం పదేళ్ళు ఖాళీగా ఉంచే కంటే, రెండు గోడలకు పునాది ఇప్పుడే పోసి 48 గూళ్ళ గోడ ఒకటి నిలబెట్టడం మంచిదని నా అభిప్రాయం. రెండో గోడ అవసరమైనప్పుడు వస్తుంది. రాయి రంగు కలవడం ఒక్కటే ఇందులో సమస్య, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఆరు వరుసలు వద్దనడానికి ఇంకో కారణం ఉంది. గూడు లోపల 30 సెంటీమీటర్లు, మధ్య పలక 3 సెంటీమీటర్లు అనుకుంటే, పీఠం పదిహేను సెంటీమీటర్లే ఉన్నా ఆరో వరుస మధ్యభాగం దాదాపు 2 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ రాసిన పేరు చదవాలంటే తలెత్తాలి, కలశం పెట్టాలంటే నిచ్చెన కావాలి. కింది వరుస చూస్తే నేలకు ఆనుకుని ఉంటుంది. పేరు దగ్గర చెయ్యి పెట్టాలంటే ముసలివాళ్ళు మోకాళ్ళ మీద కూర్చోవాలి, వాన పడితే బురద చిందేది ఆ వరుస మీదే. నాలుగు వరుసలు పెట్టి, పీఠం 45 సెంటీమీటర్లు లేపితే కింది గూడు మధ్యభాగం సుమారు 63 సెంటీమీటర్ల దగ్గర, పై గూడు మధ్యభాగం 1.6 మీటర్ల దగ్గర వస్తాయి. అన్నీ చేతికందే ఎత్తే. పైగా కళ్ళ ఎత్తులో, గుండె ఎత్తులో ఉన్న గూళ్ళే ఎక్కడైనా ముందు అయిపోతాయి, నేల దగ్గరివి చివరిదాకా మిగిలిపోతాయి. మిగిలిపోయే వరుసకు రాయి, పని, డబ్బు పెట్టడం ఎందుకు?

గూడు కొలత దగ్గర చాలామంది పొరబడతారు. పెద్దవాళ్ళ భస్మానికి వాడే మామూలు కలశం లోపలి పరిమాణం 200 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 3.3 లీటర్లు. 30 సెంటీమీటర్ల గూట్లో రెండు కలశాలు పడతాయని ప్రతి కొటేషన్లోనూ ఉంటుంది. గుండ్రటి కలశాలు రెండు పక్కపక్కనే పెడితే ఒక్కోటి 15 సెంటీమీటర్ల వెడల్పు దాటకూడదు. ఐమూలగా, అంటే ఒకటి ముందు మూలకు, ఇంకొకటి వెనక ఎదుటి మూలకు పెడితే 17 సెంటీమీటర్ల దాకా పడతాయి. అంతకన్నా లావుగా ఉంటే పట్టవు. ఈ మాట కుటుంబానికి కలశం కొనక ముందే తెలియాలి, గూడు ముందు నిలబడ్డాక కాదు. ఇంకొకటి, లోపలి కొలత వేరు, నోటి కొలత వేరు. పలక ఆనడానికి చుట్టూ అంచు ఇస్తారు కాబట్టి లోపల 30 ఉన్న గూటి నోరు 27 మాత్రమే ఉండొచ్చు. కొటేషన్లో "గూటి నోటి వెడల్పు, ఎత్తు" అని విడిగా రాయించుకోండి.

ఇప్పుడు నేల. శ్మశానవాటికల్లో ఇదే పెద్ద చిక్కు. మీరు చెప్పిన 96 గూళ్ళ గోడను 3 సెంటీమీటర్ల పలకలతో కడితే, పీఠం, పై కప్పుతో కలిపి బరువు సుమారు 5 టన్నులు వస్తుంది. ఇది కాగితం మీద వేసిన లెక్క. గ్రానైట్ ఘనపు మీటరుకు 2.7 టన్నుల దాకా తూగుతుంది. ఐదు టన్నులు మోయడం మామూలు నేలకు కష్టం కాదు. కష్టం ఎక్కడంటే, శ్మశానంలో నేల ఒకప్పుడు తవ్వి పూడ్చినది కావచ్చు. పునాదిలో ఒక కొస గట్టి నేల మీద, ఇంకో కొస పాత సమాధి మీద పడిందనుకోండి, రెండేళ్ళలో ఒకవైపు పది మిల్లీమీటర్లు కుంగినా చాలు. పలకల మధ్య సందులన్నీ వంకర పోతాయి, గూళ్ళను మూసే తలుపు పలకలు బిగుసుకుపోతాయి. పాత ప్లాను చూడకుండా, నాలుగైదు చోట్ల గోతులు తీసి చూడకుండా చోటు ఖాయం చేయకండి. పునాది గోడ కింద ముక్కలు ముక్కలుగా కాకుండా, ఇనుప చువ్వలతో ఒకే కాంక్రీటు పలకగా ఉండాలి. చలికాలంలో నేల గడ్డకట్టే ప్రాంతమైతే ఆ గడ్డకట్టే లోతు కన్నా కిందికి వెళ్ళాలి. భూకంపాలు వచ్చే చోటైతే గోడను పునాదికి ఎలా కట్టిపడేస్తారో స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతో డ్రాయింగు తీసుకోండి. మీటరు కూడా వెడల్పు లేని ఎత్తైన రాతి గోడ పక్కనే జనం నిలబడి ఉంటారని మర్చిపోకూడదు.

పునాది ఎవరు వేస్తారన్నది కూడా తేల్చుకోండి. మూడు కొటేషన్ల మధ్య తేడాలో సగం ఇక్కడే ఉంటుందని నా అనుభవం. ఒకరు పునాది కలిపి రాస్తారు, ఒకరు "సైట్ పనులు కొనుగోలుదారు బాధ్యత" అని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో పెడతారు. క్రేన్ ఎవరిది, లారీ లోపలికి వచ్చే దారి ఎవరు చూస్తారు, ఆ దారిలో ఉన్న పాత సమాధులకు దెబ్బ తగిలితే ఎవరు పూచీ అన్నవి కూడా అంతే. దారి కొలవండి. క్రేన్ నిలబడే చోటు కింద ఏముందో చూడండి. ఒకసారి మేము గోడను ఒకే ముక్కగా తెప్పించి, గేటు దగ్గర ఆగిపోయి, వెనక్కి పంపాల్సి వచ్చింది. ముక్కలుగా తెచ్చి అక్కడ జోడించే రకం అయితే ఆ ఇబ్బంది ఉండేది కాదు.

నీళ్ళ విషయానికి వస్తే, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. గ్రానైట్ నీళ్ళు పెద్దగా పీల్చదు. అమెరికాలో కట్టడపు గ్రానైట్‌కు వాడే ఏఎస్‌టీఎం సీ615 ప్రమాణం ప్రకారం నీటి పీల్పు బరువులో 0.40 శాతం మించకూడదు. మంచి రాళ్ళు దానికి చాలా తక్కువలోనే ఉంటాయి. కానీ గోడలోకి నీళ్ళు వచ్చేది రాతిలోంచి కాదు, సందుల్లోంచి. గాలివానకు ముఖం మీద కొట్టిన నీరు సందులోకి దూరుతుంది. పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడు లోపలి గాలిలో తేమ చెమ్మగా మారి వెనక పలక మీద కారుతుంది. దానికి బయటికి దారి లేకపోతే అది గూటి అడుగున నిలుస్తుంది. చెక్క కలశం ఉబ్బుతుంది, పలచని లోహపు కలశానికి మరకలు పడతాయి. భస్మానికి క్షార గుణం ఎక్కువ, అందులో లవణాలు ఉంటాయి. మూత సరిగ్గా లేని పాత్రలోకి తడి చేరితే అది మళ్ళీ బయటికి కారి రాయిని కూడా పాడుచేస్తుంది.

దీనికి మందు ఖరీదైనది కాదు, డ్రాయింగులో ముందే ఉండాలి, అంతే. పై కప్పు రాయికి రెండు వైపులా వాటం ఉండాలి. అది గోడ ముఖం కన్నా కనీసం నాలుగు ఐదు సెంటీమీటర్లు ముందుకు రావాలి. ఆ ముందుకొచ్చిన భాగం అడుగున ఒక గాడి కోయాలి, అప్పుడు నీళ్ళు గోడ మీదికి పాకకుండా అక్కడే బొట్లుగా రాలిపోతాయి. గాడి ఉందా లేదా అన్నది డ్రాయింగులో కప్పు అడుగు భాగం చూపిస్తేనే తెలుస్తుంది, చూపించమనండి. ప్రతి గూటి అడుగు పలకకు ముందువైపు రెండు మూడు మిల్లీమీటర్ల వాటం ఇవ్వాలి. వెనక మధ్య గోడ దగ్గర గాలి ఆడటానికి కొద్దిగా సందు, పీఠం దగ్గర నీరు పోవడానికి చిన్న రంధ్రాలు, వాటికి పురుగులు దూరకుండా స్టెయిన్‌లెస్ జల్లెడ ఉండాలి. "మా గోడ పూర్తిగా సీల్ చేస్తాం, చుక్క నీరు రాదు" అని ఎవరైనా అంటే నేను భయపడతాను. సందులు పూడ్చే సీలెంట్ ఇరవై ఏళ్ళకు ఎండి పగులుతుంది. అప్పుడు లోపలికి వచ్చిన నీటికి బయటికి దారి ఉండదు.

ఆ సీలెంట్ కూడా మామూలుది కాకూడదు. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికోన్‌లో ఆమ్లం ఉంటుంది. రాయికి, లోహానికి అది మంచిది కాదు. న్యూట్రల్ క్యూర్ సిలికోన్ (ఆ ఆమ్లం వదలకుండా గట్టిపడేది), రాయికి జిడ్డు మరక వదలని రకం అని రాయించండి. లేత రంగు రాయి అయితే ఇది మరీ ముఖ్యం. తప్పు సీలెంట్ వాడిన చోట సందుల చుట్టూ నూనె పూసినట్టు నల్లటి గీతలు దిగుతాయి, అవి పోవు.

లోహం సంగతి ముందు చెప్పిన కథలోనే ఉంది. గోడలో ఎక్కడా మామూలు ఉక్కు వద్దు. పూత వేసింది కూడా వద్దు. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, రాతి రంధ్రంలో ఆ ఉబ్బు వస్తే గ్రానైట్ కూడా పగులుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు 304 లోతట్టు ప్రాంతాలకు చాలు. సముద్రపు గాలి తగిలే చోట, చలికాలంలో దారుల మీద ఉప్పు చల్లే చోట 316 కావాలి. అందులో ఉండే మాలిబ్డినం ఉప్పును తట్టుకుంటుంది. బిళ్ళలు ఇత్తడివో కంచువో అయితే వాటికీ స్క్రూకూ మధ్య నైలాన్ వాషర్ పెట్టించండి, రెండు వేరు లోహాలు తడిలో ఆనుకుంటే ఒకటి ఇంకొకదాన్ని తినేస్తుంది.

తలుపు రెండు పొరలుగా ఉండటం నాకు ఇష్టం. బయట పేరు చెక్కిన గ్రానైట్ పలక, దాని వెనక తాళంతోనో ప్రత్యేక స్క్రూతోనో బిగించిన పలచని లోపలి మూత. పేరు చెక్కించడానికి బయటి పలక వర్క్‌షాపుకు వెళ్ళినా లోపల ఉన్నవాళ్ళ గూడు అలా తెరిచి వదిలేసినట్టు ఉండదు. కుటుంబాలు ఈ విషయాన్ని ఎంత పట్టించుకుంటాయో అమ్మేవాళ్ళకు తెలియదు. మూడు కొటేషన్లలో లోపలి మూత ఎందులో ఉందో చూడండి. లేకపోతే అడిగి ధర కలిపించండి. స్క్రూ తల మామూలు స్క్రూడ్రైవరుకు విప్పగలిగేది కాకూడదు. అలాగని ఆ కంపెనీ తప్ప ఎవరూ విప్పలేని తల కూడా కాకూడదు. పనిముట్లు కనీసం నాలుగు సెట్లు తీసుకుని, ఒకటి కమిటీ లాకరులో పెట్టండి. పలక మందం 2 సెంటీమీటర్లయితే 30 సెంటీమీటర్ల చదరం దాదాపు 5 కేజీలు తూగుతుంది, 3 సెంటీమీటర్లయితే 7 కేజీలు దాటుతుంది. పై వరుస పలక చేత్తో పట్టుకుని సరిపెట్టి బిగించేది ఒక్క మనిషే కావచ్చు. 2 సెంటీమీటర్లు చాలు అంటాను, రంధ్రం అంచుకు మరీ దగ్గరగా లేకపోతే. రాయికీ రాయికీ నేరుగా బిగించకుండా మధ్యలో చిన్న మెత్తటి ప్యాడ్ ఉండాలి. ఎక్కువ బిగించిన స్క్రూ దగ్గరే పలక పగులుతుంది.

ఇక రాయి. నలుపు, బూడిద రంగు, ఎరుపు, ఏదైనా సరే మంచి క్వారీ నుంచి వచ్చిన రాయి వంద ఏళ్ళు నిలుస్తుంది. బలం గురించి టెన్షన్ పడకండి. అదే సీ615 ప్రమాణంలో కనీస నలుగుడు బలం, అంటే రాయి నలగకుండా తట్టుకునే ఒత్తిడి, 131 మెగాపాస్కల్స్, ఒక గూటి గోడలో అందులో వందో వంతు కూడా అవసరం పడదు. ప్రశ్న రంగు, మరక, చెక్కడం గురించి. మార్కెట్లో నల్ల గ్రానైట్ అని అమ్మేదాంట్లో చాలా వరకు శాస్త్రం ప్రకారం గ్రానైట్ కాదు, గాబ్రో, డోలరైట్ లాంటి రాళ్ళు. అది తప్పేమీ కాదు, అవి మంచి రాళ్ళే. తప్పెక్కడంటే, బూడిద రంగు రాయికి నల్ల రంగో నూనెనో పట్టించి నలుపుగా అమ్మడంలో ఉంది. ఎండకు నాలుగైదేళ్ళలో అది మచ్చలు మచ్చలుగా వెలిసిపోతుంది. తెల్ల బట్టకు అసిటోన్ తడిపి పాలిష్ చేసిన ముఖం మీద గట్టిగా రుద్ది చూడండి. బట్టకు నలుపు అంటితే ఆ రాయి తీసుకోకండి.

పేరు ఎంత దూరం నుంచి చదవగలరన్నది రంగును బట్టి ఉంటుంది. ముదురు పాలిష్ రాయి మీద ఇసుక దెబ్బతో (గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మి) చెక్కిన అక్షరం తెల్లగా తేలుతుంది, రంగు అక్కర్లేదు. లేత బూడిద రాయి మీద అదే అక్షరం కనపడదు, రంగు వేయాలి, ఆ రంగును పదేళ్ళకోసారి మళ్ళీ వేయాలి. కానీ ముదురు రాయికి ఎండ వేడి బాగా ఎక్కుతుంది. వేసవిలో చెయ్యి పెట్టలేనంత. అందుకని గోడ ముఖాలకు పలకలు ముదురువి, పీఠం, కప్పు, పక్కలు లేత రంగువి పెట్టమని నేను చెప్తుంటాను. గోడను మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలని దిక్కుకు తిప్పగలిగితే ఇంకా మంచిది. వేడికి రాయి సాగుతుంది కూడా. మూడు మీటర్ల గోడ 40 డిగ్రీల తేడాకు దాదాపు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. పలకల మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదలమనేది అందుకే. పలకలు అతుక్కున్నట్టు కనపడాలని సందు తగ్గించమని అడగకండి.

తెలుగులాంటి లిపిలో పేరు చెక్కించేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఒత్తులు, గుణింతాల వంపులు చిన్నవిగా ఉంటే ఇసుక దెబ్బకు అంచులు ఊడి ముద్దగా మారతాయి. ఇంగ్లీషు అక్షరాలకు పెట్టిన సైజు పట్టిక మీద ఒప్పుకోకండి. మీ అక్షరాల్లోనే, ఒత్తులున్న ఒక పేరుతో శాంపిల్ పలక చెక్కించి, మూడు మీటర్ల దూరం నుంచి చదివి చూడండి. రెండో పేరుకు చోటు మొదటి రోజే వదలాలన్న నియమం కూడా రాసుకోండి. మొదటి పేరును మధ్యలో పెద్దగా చెక్కేసి, రెండో పేరుకు చోటు లేక పలకనే మార్చాల్సి వచ్చిన కుటుంబాలను చూశాను.

రంగు కలవడం గురించి చెప్తానన్నాను కదా. గ్రానైట్ సహజమైన రాయి. ఒకే క్వారీలో ఈ ఏడాది తీసిన బ్లాకుకూ ఐదేళ్ళ తర్వాత తీసిన బ్లాకుకూ గింజ సైజు, రంగు మారతాయి. ఒక్కోసారి ఆ క్వారీయే మూతపడుతుంది. కాబట్టి ఇప్పుడే ఒకే బ్లాకులోంచి కోసిన పలకల్లో అదనంగా పది శాతం మీరు కొని దాచుకోవాలి. 48 గూళ్ళకు ఐదు పలకలు. రెండో గోడ కూడా తప్పకుండా కడతారని నమ్మకం ఉంటే దాని ముఖపు పలకలన్నీ ఇప్పుడే కోయించి నిలబెట్టి భద్రపరచండి, పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు. మొత్తం ఖర్చులో పలకల వాటా చిన్నదే, ఈ దూరాలోచన తర్వాత చాలా కాపాడుతుంది.

కొటేషన్ల పోలికకు ఒక పని చేయండి. ముగ్గురికీ ఒకే పేజీ పంపండి. అందులో మీరే రాయండి: గూళ్ళ సంఖ్య, నోటి కొలత, పలక మందం, లోహం రకం, లోపలి మూత, పునాది ఎవరిది, క్రేన్ ఎవరిది, అదనపు పలకలు, పనిముట్లు, వారంటీలో ఏమేమి వస్తాయి. ఆ పేజీ మీదే ధర రాసి పంపమనండి. అప్పుడు తేడా ఎంతో నిజంగా తెలుస్తుంది. తక్కువ చెప్పినవాళ్ళు తప్పు చేశారని కాదు, చాలాసార్లు వాళ్ళు వేరే వస్తువుకు ధర చెప్పి ఉంటారు. తయారీకి ముందు పూర్తి డ్రాయింగులు మీ సంతకానికి రావాలి. పంపే ముందు ఫ్యాక్టరీలో గోడను ఒకసారి పూర్తిగా జోడించి, ప్రతి ముక్క మీద నంబరు వేసి, ఫోటోలు తీయాలి. చెల్లింపులో చివరి భాగం, కనీసం పదో వంతు, గోడ మొదటి పెద్ద వాన చూసేదాకా మీ దగ్గరే ఉంచుకునేలా ఒప్పందం రాసుకోండి. ఒప్పుకోవడానికి ఇబ్బంది పడేవాళ్ళు ఎందుకు ఇబ్బంది పడుతున్నారో అడిగి తెలుసుకోండి.

నియమాల గురించి తక్కువలో చెప్తాను, కానీ గూళ్ళు ఇవ్వడం మొదలుపెట్టక ముందే రాసి ఉండాలి. కుటుంబానికి మీరిచ్చేది గూటి మీద హక్కు, ఎన్నేళ్ళకు? హాంకాంగ్‌లో చోటు కొరత వల్ల 2019 నుంచి కొత్తగా ఇచ్చే ప్రభుత్వ గూళ్ళను మొదట 20 ఏళ్ళకు ఇచ్చి, తర్వాత పదేసి ఏళ్ళు పొడిగిస్తున్నారు. మీరు శాశ్వతం అని రాస్తే, శాశ్వతంగా చూసుకునే నిధి ఎక్కడిదో కూడా రాయాలి. ప్రతి గూటి డబ్బులోంచి కొంత భాగం వేరే ఖాతాలో వేసి, దాని వడ్డీతోనే సందులు, కప్పు, దారి బాగుచేయించాలి. గడువు ముగిసి, ఎవరూ రాకపోతే భస్మాన్ని ఏం చేస్తారన్నది మాత్రం దాటవేయకండి. అది ఎవరికీ రాయాలనిపించని వాక్యం, అయినా రాయాలి, ఎక్కడ ఎంత గౌరవంగా ఉంచుతారో స్పష్టంగా.

రిజిస్టరు రెండు ప్రతులు, రెండు వేర్వేరు చోట్ల ఉంచండి. ప్రతి గూటి లోపల, వెనక పలక మీద నంబరు చెక్కించండి. బయటి పలకలన్నీ ఒకే కొలత కాబట్టి మరమ్మతుల్లో అవి మారిపోయే అవకాశం ఉంది. పేరున్న పలక వేరే గూటికి బిగిస్తే జరిగే నష్టం డబ్బుతో సరిదిద్దేది కాదు. గోడ ముందు దారి కనీసం ఒకటిన్నర మీటరు, చక్రాల కుర్చీ తిరిగేంత, మెట్టు లేకుండా ఉండాలి. కూర్చోడానికి ఒక బల్ల, అది గోడకు ఎదురుగా, మరీ దగ్గరగా కాకుండా. పూలు పెట్టడానికి చోటు కింద విడిగా ఇస్తే పలకల మీద నీటి మరకలు, అంటించిన టేపు జిగురు తప్పుతాయి.

మూడు కొటేషన్లలో ఏది అన్నదానికి ఇప్పుడే పేరు చెప్పలేను, పైన చెప్పిన పేజీ నిండితే మీకే తెలుస్తుంది. ఖాయం చేసే ముందు అసలు సైజులో రెండు గూళ్ళ నమూనా ఒకటి చేయించమనండి, ధర కట్టయినా సరే. అది వచ్చిన రోజు కంపెనీ మనిషి తెరిచి చూపిస్తానంటాడు. ఆయన్ని ఒక్క నిమిషం పక్కన నిలబడమని, మీ శ్మశానవాటికలో రోజూ పనిచేసే మనిషి చేతికి ఆ పనిముట్టు ఇవ్వండి. రెండు గుండ్రటి కలశాలు పక్కన పెట్టండి. పలక విప్పి, కలశాలు లోపల పెట్టి, లోపలి మూత వేసి, పలకను మళ్ళీ సందు సమంగా ఉండేలా బిగించడానికి ఎంతసేపు పట్టిందో, మధ్యలో ఎన్నిసార్లు ఇబ్బంది పడ్డాడో చూడండి. ఆ తర్వాత నమూనా మీద బకెట్‌తో నీళ్ళు కొట్టి, పావుగంట ఆగి, మళ్ళీ ఆయన చేతే తెరిపించి లోపల చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలిందో లేదో, మీ డ్రాయింగులతో కలిపి ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.